పొలంలో పాటిదిబ్బ: అది పాత ఊరేనా, ఎప్పుడు ఖాళీ అయింది, చదును చేయవచ్చా?

మీ ప్రశ్న చదివాను. ఫిరంగిపురం వైపు మీ నాన్నగారి పొలంలో ఒక మూల ఎత్తుగా దిబ్బ ఉంది. దున్నినప్పుడల్లా కుండపెంకులు, గాజుముక్కలు బయటపడుతున్నాయి. "కొండవీటి రెడ్డిరాజుల నాటి ఊరు, గత్తర వచ్చి పాడైపోయింది" అని పెద్దలు చెబుతారు. నాన్నగారేమో జేసీబీ పెట్టించి చదును చేసి మిర్చి వేద్దామంటున్నారు, మట్టి కొనేవాళ్లు కూడా వచ్చి వెళ్లారు. మీరు ఇంగ్లండులోని వారమ్ పెర్సీ అనే పాడుబడ్డ ఊరి వీడియో చూశారు. అక్కడ ఇళ్ల గుర్తులు గడ్డిలో స్పష్టంగా కనిపిస్తుంటే మన దిబ్బలో ఒక్క గోడ కూడా లేదు కదా, ఇది నిజంగా ఊరేనా అని మీ సందేహం. గుంటూరు చుట్టుపక్కల ఇలాంటి దిబ్బలు, పొలాల్లో పడి ఉన్న శాసనాలు చూస్తూ చాలాకాలంగా తిరుగుతున్నవాడిని కాబట్టి కొంచెం వివరంగానే రాస్తాను.

ముందు జేసీబీ సంగతి. దయచేసి ఈ వేసవికి ఆపించండి. ఒక్క పంటకాలం ఆగితే పోయేది ఆ మూల కొద్ది సెంట్ల ఫలసాయం. దిబ్బను ఒకసారి లాగేస్తే మాత్రం అది ఊరా, కుమ్మరి ఆవమా (కుండలు కాల్చే బట్టీ), పశువుల దొడ్డా అన్నది ఇక ఎవరూ చెప్పలేరు. అందులోని వస్తువులన్నీ ఏరి గోనెసంచుల్లో పోసి ఇచ్చినా చెప్పలేరు. ఒక పెంకు ఏ పొరలో ఉంది, దాని పక్కన బూడిద ఉందా, గచ్చు ఉందా, ఎన్ని అడుగుల కింద ఉంది అన్నవి కలిస్తేనే అది సాక్ష్యం. విడిగా అయితే అది ఒట్టి పెంకు.

మీ ఫొటోల్లో చూసినంతలో అది మనుషులు కాపురాలు చేసిన చోటే అని నా అభిప్రాయం. మసి పట్టిన వంటకుండల అడుగులు, కుండ మూతులు, గాజుముక్కలు, విరిగిన తిరగలి రాయి, కదురుకు తొడిగే మట్టి బిళ్ల, ఇవన్నీ ఒకేచోట ఉన్నాయి. కుమ్మరి ఆవం అయితే వంకరపోయిన, మాడి గట్టిపడిన పెంకులు గుట్టగా ఉండేవి, తిరగలికి అక్కడ పనిలేదు. కమ్మరి కొలిమి ఒక్కటే అయితే ఇనుప చిట్టెం (ఇనుము కరిగించాక మిగిలే మడ్డి) ఎక్కువ కనిపించేది. మీ మూడో ఫొటోలో ఎర్రగా కాలిన మట్టిగడ్డ ఉంది చూడండి, దాని మీద గాడులు గాడులుగా ఉన్నవి వెదురు దబ్బల అచ్చులు. తడిక మీద మట్టి మెత్తి కట్టిన గోడ ఎప్పుడో నిప్పంటుకుని కాలితేనే అలా మిగులుతుంది. మీరు అడిగిన గోడ అదే.

ఇక వారమ్ పెర్సీతో పోలిక. అది యార్క్‌షైర్‌లో సుద్దరాతి నేల మీద ఉన్న ఊరు. ఇళ్ల గోడల అడుగుభాగానికి ఆ రాయినే వాడారు. జనం వెళ్లిపోయాక ఆ నేలను గొర్రెల మేతకు వదిలేశారు తప్ప పెద్దగా దున్నలేదు. అందుకే ఇళ్ల హద్దులు, దొడ్ల గట్లు, వీధి పల్లం ఇప్పటికీ గడ్డి కింద తేలి కనిపిస్తాయి. మారిస్ బెరెస్‌ఫర్డ్ అనే ఆర్థిక చరిత్రకారుడు, జాన్ హర్స్ట్ అనే పురావస్తు పరిశోధకుడు 1950 నుంచి 1990 దాకా ఏటా వేసవిలో అక్కడ కొద్దికొద్దిగా తవ్వించారు. ఒక మామూలు రైతుల ఊరి కోసం నలభై ఏళ్లు కేటాయించారు. రాజకోట కాదు, బౌద్ధస్తూపం కాదు. ఆ గౌరవం మన రైతుల ఊళ్లకు ఇంకా దక్కలేదన్నది నాకు ఎప్పుడూ ఉండే బాధ. మన ఉమ్మడి గుంటూరు జిల్లాలో తవ్వకం అనగానే అమరావతి, భట్టిప్రోలు, నాగార్జునకొండ పేర్లే వస్తాయి. ఆ స్తూపాలకు, ఆ గుళ్లకు ధాన్యం పండించి ఇచ్చిన ఊళ్ల గురించి మనం తవ్వి తెలుసుకున్నది చాలా తక్కువ.

మన దగ్గర పరిస్థితి వేరు. మీ వైపు సామాన్యుల ఇల్లంటే మట్టిగోడ, పైన తాటాకో రెల్లో. (పల్నాడు లోపలికి వెళ్తే నాపరాళ్లు పేర్చిన గోడలు ఉంటాయి, అక్కడ పాడుబడ్డ ఊరికి రాతి వరసలు మిగులుతాయి.) మట్టిగోడ నానితే కూలుతుంది. ఆ మట్టినే చదును చేసి దాని మీదే మళ్లీ ఇల్లు కడతారు. పేడ, బూడిద, పొట్టు, పగిలిన కుండలు అన్నీ అక్కడే చేరతాయి. తరాలు గడిచేకొద్దీ ఊరు ఎత్తవుతుంది. జనం వెళ్లిపోయాక మిగిలేది మీ పొలంలో ఉన్నటువంటి బూడిదరంగు దిబ్బ. మన రైతులకు దీని సంగతి బాగా తెలుసు. పాటిమన్ను (పాటి అంటే పాత ఊరు ఉన్న చోటు) అని బళ్ల మీద తోలుకుని చేలకు ఎరువుగా చల్లేవారు. అందులోని బూడిద, ఎముకల పొడి, పశువుల ఎరువు వల్ల పైరు ఏపుగా వచ్చేది. మీ దిబ్బ మీద పత్తి పక్క చేను కంటే పచ్చగా ఉంటుందా అని నాన్నగారిని అడగండి, అవుననే అంటారు. ఆ సారమే ఈ దిబ్బలకు చేటైంది. బళ్లు పోయి ట్రాక్టర్లు, ట్రాక్టర్లు పోయి టిప్పర్లు వచ్చేసరికి తరం కిందట తాటిచెట్టు సగం ఎత్తున్న దిబ్బలు ఇప్పుడు నేలమట్టమయ్యాయి.

ఇంకో చిక్కు నల్లరేగడి. ఎండాకాలంలో ఈ నేల మూడడుగుల లోతు దాకా నెర్రెలిస్తుంది. పైన ఉన్న గాజుముక్క, చిన్న నాణెం ఆ నెర్రెలో పడి అడుగుకు చేరుతుంది. వాన పడగానే నేల ఉబ్బి మూసుకుంటుంది, కిందిది కొంత పైకి తోసుకొస్తుంది. అందువల్ల దిబ్బ చుట్టూ ఉన్న రేగడిలో లోతుగా దొరికింది కాబట్టి బాగా పాతది అనుకోవడానికి వీల్లేదు. దిబ్బ మధ్యలో బూడిదమన్ను మందంగా ఉంటుంది, అది ఇంతగా నెర్రెలివ్వదు. నమ్మదగిన పొరలు అక్కడ ఉంటాయి. జేసీబీవాడు ముందు కోసేది కూడా ఆ నడిమి ఎత్తునే.

కాలం తేల్చడం ఎలా అని అడిగారు. ఇది రెండు ప్రశ్నలు: ఊరు ఎప్పుడు పుట్టింది, ఎప్పుడు ఖాళీ అయింది. మొదటిదానికి అడుగుపొరలు కావాలి, తవ్వకుండా తేలదు. రెండోదానికి పైపైన దొరికేవాటిలో అన్నిటికంటే కొత్తది ఏదో చూడాలి. మనవాళ్లు సాధారణంగా అన్నిటికంటే పాతది ఏదో వెతుకుతారు, అక్కడే లెక్క తప్పుతుంది.

పాతకాలపువి గుర్తుపట్టడం కొంత తేలిక. లోపల నలుపు, బయట ఎరుపు ఉన్న నునుపైన పెంకు కనిపిస్తే అది శాతవాహనుల నాటిది, అంతకు ముందుది కూడా కావచ్చు. అడుగున్నర పొడవు దాటిన వెడల్పాటి ఇటుక దొరికినా తొలి చారిత్రక కాలమే. అవి ఉంటే మీ ఊరు, లేదా ఆ చోట మరో ఊరు, రెడ్లకంటే వెయ్యేళ్ల ముందే ఉందన్నమాట. మధ్యయుగపు పెంకులు మోటుగా, ఎర్రగానో నల్లగానో ఉంటాయి. మెడ దగ్గర గీతలు, గోటితో నొక్కినట్టు అచ్చులు కనిపిస్తాయి. మీ ఫొటోల్లో ఎక్కువ ఇవే. రంగురంగుల చారలున్న గాజుముక్కలు బహమనీ, విజయనగర కాలాల నుంచి విరివిగా కనిపిస్తాయి. నీలం పూలున్న పింగాణీ ముక్క దొరికితే అది 14వ శతాబ్దానికి ముందుది కాదు. అయితే మొన్నమొన్నటి టీకప్పు ముక్క కూడా అలాగే ఉంటుంది కనుక దాన్ని తెలిసినవారికి చూపించాలి.

వీటన్నిటికంటే నేను మొదట వెతికేది మట్టి చిలుం. హుక్కా మీద పెట్టే చిన్న గిన్నె, లేదా చేత్తో పట్టుకుని పీల్చే గొట్టం ముక్క. పొగాకు మన నేలది కాదు, పోర్చుగీసువాళ్ల ఓడల మీద వచ్చింది. బీజాపూరులో దాన్ని చూసిన అసద్ బేగ్ అనే మొఘలు ఉద్యోగి 1604-05 ప్రాంతంలో అక్బరు దర్బారుకు పట్టుకెళ్లాడు, అక్కడివారికి అదొక వింతగా తోచింది. అంటే మన పల్లెలో ఒక పొగచిలుం ముక్క దొరికిందంటే 17వ శతాబ్దంలోనో ఆ తర్వాతో అక్కడ ఇంకా పొయ్యి వెలుగుతోందని అర్థం. మీ దిబ్బ మీద అలాంటివి నాలుగైదు దొరికితే రెడ్డిరాజుల కాలంలో ఊరు పాడైందన్న మాట నిలవదు. ఎంత వెతికినా ఒక్కటీ దొరక్కపోతే ఆ మాటకు కొంత బలం వస్తుంది.

పెద్దలు చెప్పే కథను తీసిపారేయమని కాదు. అందులో కారణం నిజమై కాలం జరిగిపోయి ఉండొచ్చు. కొండవీటి రెడ్ల పాలన 1325 నుంచి 1424 వరకు. 1454లో ఒడిశా గజపతులు వచ్చారు, 1515లో శ్రీకృష్ణదేవరాయలు ముట్టడించి కొండవీడు తీసుకున్నాడు, 1579-80 ప్రాంతంలో గోల్కొండ సుల్తానుల చేతికి వెళ్లింది. మీ పొలం కొండవీటి నీడలోనే ఉంది కాబట్టి ఈ సైన్యాలు దిగిన ప్రతిసారీ చుట్టుపక్కల గడ్డివాములు, ధాన్యపు పాతర్లు ఏమై ఉంటాయో ఊహించవచ్చు. కానీ గత్తర అంటున్నారే, కలరా ఊళ్లకు ఊళ్లను తుడిచిపెట్టే మహమ్మారిగా దేశమంతా పాకింది 1817 తర్వాత. ఆపైన 1832-33లో నందన కరువు వచ్చింది. అప్పటి గుంటూరు జిల్లాలో ఉన్న ఐదు లక్షల మందిలో లక్షన్నర నుంచి రెండు లక్షల దాకా చనిపోయారని అంచనాలు. కృష్ణ మీద ఆనకట్ట 1855కి పూర్తయింది, అంటే ఆ కరువు నాటికి కాలవ నీళ్లు లేవు. ఆ రెండు దెబ్బల జ్ఞాపకం ఇంట్లో ముసలమ్మల నోట దిగివచ్చి, ఎదురుగా కనిపించే కొండవీటి కోటకు అతుక్కుని ఉండొచ్చు. చిలుం ముక్కల మీద అంత పట్టుగా రాసింది అందుకే.

యుద్ధం, రోగం, కరువు కాక ఇంకో కారణం ఉంది, దానికి కథలు మిగలవు. పన్ను. గోల్కొండ పాలనలో పరగణాల మీద అధికారాన్ని గుత్తకు ఇచ్చేవారు. ఎక్కువ పాడినవాడికే దక్కేది. 1618-22 మధ్య మచిలీపట్నంలో ఉన్న విలియం మెథ్‌వోల్డ్ అనే ఇంగ్లీషు వర్తకుడు ఈ పద్ధతిని, దానివల్ల రైతు పిండుకుపోవడాన్ని రాసిపెట్టాడు. భరించలేని రైతు రాత్రికి రాత్రి ఎడ్లను తోలుకుని పక్క సీమకు వెళ్లిపోయేవాడు. భూమికి కరువు లేదు, మనిషికే కరువు కనుక అక్కడివాళ్లు పన్ను మినహాయింపు ఇచ్చి మరీ నిలుపుకునేవారు. ఇలా ఖాళీ అయిన ఊళ్లో ఊరు తగలబడిన బూడిదపొర ఉండదు, అస్థిపంజరాలు ఉండవు. పనికొచ్చే వస్తువులన్నీ మోసుకెళ్తారు, విరిగినవే మిగులుతాయి. వారమ్ పెర్సీలో కూడా ప్లేగు ఊరిని చంపిందని చాలామంది అనుకునేవారు. నిజానికి ప్లేగు తర్వాతా జనం ఉన్నారు. 1500 ప్రాంతంలో గొర్రెల మేతకోసం భూస్వామి చివరి నాలుగు కుటుంబాలను వెళ్లగొట్టాడని తేలింది.

ఇక కాగితాలు. ఇక్కడ మీరు హైదరాబాదులో ఉండి కూడా చాలా పని చేయవచ్చు. మీభూమి వెబ్‌సైటులో ఆ సర్వే నంబరు పటం చూడండి. పొలాల మధ్యలో గ్రామకంఠం అనో, దిబ్బ పోరంబోకు అనో ఒక ముక్క విడిగా కనిపిస్తే, సర్వే జరిగిననాటికే అది పాత ఊరి చోటని గుర్తించారన్నమాట. పాత రికార్డులు వెతికేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి. 1859 నుంచి 1904 దాకా గుంటూరు విడిగా జిల్లా కాదు, కృష్ణా జిల్లాలో భాగం. ఆ మధ్యకాలపు సెటిల్‌మెంటు (భూమిశిస్తు నిర్ణయం) పత్రాలు కృష్ణా పేరు మీదే ఉంటాయి. గుంటూరు అని వెతికి లేవనుకుని వదిలేసినవాళ్లను చూశాను.

ఆ తర్వాత గ్రామ కైఫీయత్తులు చదవండి. ఇవి ఊళ్ల చరిత్రలు, ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కల్నల్ మెకంజీ కోసం కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులు మొదలుపెట్టిన పనిలో భాగంగా ఊరూరా కరణాల దగ్గర రాయించుకున్నవి. గుంటూరు ప్రాంతానివి అచ్చయ్యాయి. వాటి మొదట్లో ఉండే ముక్కంటి (మూడు కళ్ల) రాజుల కథలను చరిత్రగా తీసుకోకండి. హద్దులు, మాన్యాలు, చెరువులు చెప్పేచోట ఆగి చదవండి. ఫలానా ఊరు పాడైతే దాని పొలాన్ని మా ఊళ్లో కలిపారు అన్నలాంటి వాక్యం దొరికితే మీ పని సగం అయినట్టే.

శాసనాలతో ఇంకో దారి ఉంది, నాకు ఇది బాగా ఇష్టం. 1182లో ధరణికోట పాలకుడు కోట కేతరాజు అమరావతిలో వేయించిన శాసనంలో బుద్ధదేవుడికి ఇచ్చిన ఊళ్లుగా కంతేరు, మేడికొండూరు, డోకిపర్రు కనిపిస్తాయి. మూడూ ఇవాళ్టికీ ఉన్నాయి, మేడికొండూరు మీకు పక్క మండలమే. ఎనిమిది వందల ఏళ్లు దాటినా పేరు చెక్కుచెదరలేదు. అంటే మీ ప్రాంతపు శాసనాల్లో ఊళ్ల పేర్లు, పొలిమేర పేర్లు వరసగా రాసుకుని ఇప్పటి పటంతో పోల్చినప్పుడు, పటంలో లేని పేరు ఏదైనా మిగిలితే అది పోయిన ఊరు కావచ్చు. ఆ పేరు ఇప్పటికీ ఏ పొలానికో, కుంటకో, డొంకకో అంటిపెట్టుకుని ఉంటుంది. మీ నాన్నగారిని, పశువులు కాసినవాళ్లను అడిగి చుట్టూ ఉన్న చేల పేర్లన్నీ రాయించండి. ఎవరూ నివసించని చోట "ఊరబావి" అనో "కరణంగారి దొడ్డి" అనో చేను పేరుంటే అది ఊరికే రాదు. దిబ్బకు ఫర్లాంగు దూరంలో ఒంటరి బొడ్రాయి, పోతురాజు రాయి, వీరగల్లు (పోరులో చనిపోయిన వీరుడి స్మారక శిల), పాత చింతచెట్లు ఉన్నాయేమో చూడండి. వారమ్ పెర్సీలో ఊరంతా పోయి చర్చి ఒక్కటి నిలిచినట్టే, మన దగ్గర చేల మధ్యలో చిన్న శివాలయమో గ్రామదేవత రాయో మిగిలి, ఏడాదికోసారి పక్క ఊరివాళ్లు వచ్చి పొంగళ్లు పెడుతుంటారు. అలా వచ్చే కుటుంబాలు ఏ ఊరివో కనుక్కోండి. ఖాళీ చేసిన జనం ఎక్కడికి వెళ్లారో అక్కడ తెలుస్తుంది.

దిబ్బ మీద నడవాల్సిన సమయం, వేసవి దుక్కి అయ్యాక తొలకరి వాన పడి, నేల ఆరి కాలికి రేగడి అంటనప్పుడు. వాన పెంకులను కడిగి పెడుతుంది, ఉదయపు ఏటవాలు వెలుతురులో తేలిగ్గా కనిపిస్తాయి. దిబ్బను ముగ్గుతో నాలుగు భాగాలు చేసి, ఒక్కో భాగంలో వరసగా నడిచి, దొరికినవాటిని ఉన్నచోటే పక్కన స్కేలో పెన్నో పెట్టి ఫొటో తీయండి. కుండల మూతి పెంకులు ముఖ్యం, ఆకారాన్ని బట్టి కాలం చెప్పగలిగేది వాటితోనే. నడిమి పెంకులు ఎన్ని ఉన్నాయో రాసుకుంటే చాలు. ఎక్కడా గుంట తవ్వకండి. నేల మీద గుండ్రంగా నల్లటి మచ్చ కనిపిస్తే అది పూడిపోయిన ధాన్యపు పాతర కావచ్చు, అందులో మాడిన జొన్నలో ఉలవలో ఉంటే కార్బన్ పరీక్షతో కాలం చెప్పే అవకాశం ఉంది. దాన్ని అసలు ముట్టుకోవద్దు.

నాన్నగారికి టెన్షన్ పడాల్సిన పనిలేదని కూడా చెప్పండి. పెంకులు దొరికినంత మాత్రాన ప్రభుత్వం పట్టా భూమి తీసేసుకోదు. చుట్టూ వంద మీటర్ల దాకా కట్టడాలు వద్దనే కేంద్ర నిబంధన రక్షిత కట్టడాలుగా, స్థలాలుగా ప్రకటించినవాటికే. నాణేలో, బంగారమో, విగ్రహమో దొరికితే మాత్రం 1878 నాటి నిధినిక్షేపాల చట్టం ప్రకారం పది రూపాయలు దాటిన దేన్నైనా, ఎక్కడ, ఎప్పుడు దొరికిందో రాసి కలెక్టరుకు తెలపాలి. దాచితే శిక్ష ఉంది. ప్రభుత్వం తీసుకోదలిస్తే విలువ మీద ఐదో వంతు కలిపి చెల్లించాలని కూడా ఆ చట్టంలోనే ఉంది. మట్టి అమ్మడానికి ఎలాగూ గనుల శాఖ పర్మిట్ కావాలి, కొనేవాళ్లు ఆ మాట చెప్పి ఉండరు.

ఫొటోలు, సర్వే పటం సిద్ధమయ్యాక గుంటూరులోని బౌద్ధశ్రీ మ్యూజియంలో గానీ విజయవాడ బాపు మ్యూజియంలో గానీ పురావస్తు శాఖవాళ్లకు చూపించి, వచ్చి చూడమని లిఖితపూర్వకంగా అడగండి, ఆ కాగితం నకలు మీ దగ్గర ఉంచుకోండి. ఎవరూ రాకపోయినా, చివరికి నాన్నగారు చదును చేయాల్సే వచ్చినా, నడిమి ఎత్తును వదిలి అంచులు మాత్రం సర్దమనండి. కోసినచోట నిలువుగా కనిపించే పొరలను అదేరోజు, మట్టి తడిగా ఉండగానే, పక్కన టేపు పెట్టి ఫొటోలు తీయండి. అవి, మూతి పెంకుల ఫొటోలు, చేల పేర్ల జాబితా ఇక్కడ పెట్టండి. సర్వే నంబరు, ఊరి పేరు మాత్రం బహిరంగంగా రాయకండి, గుప్తనిధుల పిచ్చివాళ్లు రాత్రిళ్లు గడ్డపారలతో వచ్చేస్తారు. చిలుం ముక్కలు దొరికాయో లేదో ముందు చెప్పండి.